చేపలు ఖాళీ చేసిన క్వార్టరు

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో ఒక ఇంటికి ట్రాన్స్‌ఫర్ ఆర్డరు వస్తే చుట్టుపక్కల నాలుగిళ్లకు సామాన్ల సంత వచ్చినట్టే. మంచం ఒకరికి, కూలరు ఇంకొకరికి, తులసి కుండీ పక్కింటివారికి. అన్నీ పోయాక హాల్లో ఒక మూల మిగిలిపోయేది చేపల తొట్టి. నాగ్‌పూర్‌కో రాయ్‌పూర్‌కో లారీలో పంపితే పగులుతుందని భయం. ఊరికే ఇస్తామన్నా మోసుకెళ్లే ఓపిక ఎవరికీ ఉండదు.

సరిగ్గా ఆ వారంలోనే మీ ఇంట్లో పాప మరుగుజ్జు హామ్‌స్టర్ కావాలని మారాం మొదలుపెట్టిందనుకోండి. పెట్ షాపులో రంగురంగుల తీగల బోను చూపిస్తారు. ధర విని మీరు వెనక్కి తగ్గుతారు. పక్క క్వార్టర్లోని తొట్టి గుర్తొస్తుంది. ఆ మాట అనగానే శ్రీకాకుళం నుంచి వచ్చి ఉన్న నాన్నమ్మ నవ్వుతుంది: "ఏటర్రా, చేపల తొట్లో ఎలకని పెంచుతారేటి?"

పెంచొచ్చు. దుకాణంలోని చిన్న తీగల బోను కంటే పెద్ద గాజు తొట్టే మేలు కూడా. అయితే చేపకు కావలసింది వేరు, హామ్‌స్టర్‌కు కావలసింది వేరు. చేపకు నీళ్లు నిలిచే తొట్టి చాలు. హామ్‌స్టర్‌కు తిరగడానికి నేల, తవ్వుకోవడానికి లోతు, పీల్చడానికి గాలి, బిలాస్‌పూర్ ఎండాకాలంలో తట్టుకోవడానికి చల్లదనం కావాలి. ఈ నాలుగూ సమకూరితేనే ఆ తొట్టి ఇల్లవుతుంది.

ఈ ఊళ్లో ఇల్లు మారడం తెలుగువాళ్లకు కొత్త కాదు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే 1902లో వాల్తేరు నుంచి కటక్ దాకా ఉన్న తూర్పు కోస్తా లైనును కూడా తన చేతిలోకి తీసుకుంది. అలా ఉత్తరాంధ్ర కుటుంబాలకు రైలు కొలువుతో పాటు బిలాస్‌పూర్ దారి కూడా తెరుచుకుంది. 2003లో ఆగ్నేయ మధ్య రైల్వేకు ఈ ఊరే కేంద్రమైంది. బిలాస్‌పూర్, రాయ్‌పూర్, నాగ్‌పూర్ డివిజన్ల మధ్య బదిలీలు సాగుతున్నంత కాలం ఎవరో ఒకరి తొట్టి అమ్మకానికి వస్తూనే ఉంటుంది. కాబట్టి తొందరపడకండి. మొదట కనిపించిన తొట్టినే కొనాలని లేదు.

1. ముందు టేపు, తర్వాత బేరం

మన దుకాణాల్లో చేపల తొట్లు అడుగుల లెక్కన అమ్ముతారు. ఎక్కువగా కనిపించేది రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు. అంటే నేల దాదాపు 1,800 చదరపు సెంటీమీటర్లు. ఈ అంకెను గుర్తుంచుకోండి.

స్విట్జర్లాండ్‌లోని బెర్న్ విశ్వవిద్యాలయ పరిశోధకులు బంగారు హామ్‌స్టర్లను నాలుగు సైజుల బోనుల్లో పెట్టి గమనించారు. నేల 1,800, 2,500, 5,000, 10,000 చదరపు సెంటీమీటర్లు. తీగలు కొరకడం అన్నిటిలోనూ కనిపించింది. కానీ చిన్న బోనుల్లో ఎక్కువసార్లు, ఎక్కువసేపు కొరికాయి. హామ్‌స్టర్ తీగ కొరుకుతోందంటే పళ్లు నూరుకుంటోందని చాలామంది సర్దిచెప్పుకుంటారు. అది విసుగుకూ ఇరుకుకూ గుర్తు. ఆ ప్రయోగంలో అతి చిన్న బోను ఎంతో, మన రెండడుగుల తొట్టి దాదాపు అంతే.

ఆ హామ్‌స్టర్లు పెద్ద జాతివి, మాది మరుగుజ్జు కదా అంటారా? పొడవు 5 నుంచి 10 సెంటీమీటర్లే, నిజమే. కానీ దీని పుట్టిల్లు మంగోలియా, కజకిస్తాన్, ఉత్తర చైనాల గడ్డి మైదానాలు, ఇసుక నేలలు. రాత్రంతా గింజలు వెతుక్కుంటూ తిరిగే జీవి. ఒళ్లు చిన్నదైనా దీని తిరుగుడు చిన్నది కాదు.

జర్మనీలో జంతు సంరక్షణ కోసం పనిచేసే పశువైద్యుల సంఘం హామ్‌స్టర్‌కు కనీసం 100 సెంటీమీటర్ల పొడవు, 50 వెడల్పు, 50 ఎత్తు ఉండాలంటుంది. మన మార్కెట్లో దీనికి దగ్గరగా వచ్చేది నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉన్న తొట్టి. నేల దాదాపు 5,500 చదరపు సెంటీమీటర్లు. అదే వెతకండి. మూడడుగులది ఉచితంగా దొరికినా కొంచెం ఆగి చూడండి. రెండడుగులదైతే వద్దనే చెప్పండి.

2. కారే తొట్టి మంచి బేరం, పగిలిన తొట్టి కాదు

సెకండ్ హ్యాండ్ తొట్టి కొనేవాళ్ల మొదటి ప్రశ్న "కారుతుందా?" మీరు అడగాల్సింది అది కాదు. అడుగు మూల నుంచి నీళ్లు కారే తొట్టిని చేపలవాళ్లు ఎవరూ తీసుకోరు. అందుకే దాని ధర పడిపోతుంది. మీరు అందులో నీళ్లు పోయరు. ఈ సైజు తొట్టి నిండా నీళ్లు పోస్తే 250 లీటర్లు, అంటే పావు టన్ను బరువు గాజును బయటికి తోస్తుంది. అడుగున పరిచే కాగితం ముక్కలకూ హామ్‌స్టర్‌కూ ఆ ఒత్తిడి ఎక్కడిది?

చూడాల్సినవి వేరే ఉన్నాయి. పట్టపగలు, వెలుతురులో చూడండి.

అంచుల మీద గుడ్డ చుట్టిన వేలితో తడమండి. దారం తట్టుకున్న చోట గాజు పెచ్చు లేచిందన్నమాట. మూలల నుంచి మధ్యకు పాకే సన్నటి గీత ఉందేమో పక్క నుంచి చూడండి. గోరు అందులో దిగబడితే అది గీత కాదు, పగులు. ఆ తొట్టి వదిలేయండి. మూలల్లోని సిలికాన్ నీలంగా ఉంటే చేపల మందు పట్టిందని అర్థం. నల్లగా బూజు పట్టి, వేలితో లాగితే ఊడివస్తుంటే పాతది గీకి కొత్తది పట్టించాలి. పుల్లటి వెనిగర్ వాసన వచ్చే మామూలు అక్వేరియం సిలికాన్ చాలు. బాత్‌రూం టైల్స్‌కు వాడే బూజు మందు కలిసినది వద్దు. వాసన పూర్తిగా పోయేదాకా కనీసం రెండు రోజులు ఆరనివ్వండి.

3. మోసేది ఇద్దరు, ఒక్కరు కాదు

మిల్లీమీటరు మందం, చదరపు మీటరు వైశాల్యం ఉన్న గాజు రెండున్నర కిలోలు తూగుతుంది. ఆ లెక్కన ఆరు మిల్లీమీటర్ల గాజుతో చేసిన నాలుగడుగుల తొట్టి ఖాళీగానే 31 కిలోలు. ఎనిమిది మిల్లీమీటర్లదైతే 42.

తోర్వా నుంచి రైల్వే కాలనీకి ఈ-రిక్షాలో తెస్తున్నారనుకుందాం. ఒకరు పైఅంచు పట్టుకుని లేపబోతారు. అతుకు విడిపోయేది అప్పుడే. చేతులు ఎప్పుడూ అడుగు కిందే ఉండాలి. రిక్షా సీటు మీద మందపాటి థర్మకోల్ వేసి, దాని మీద తొట్టిని నిలువుగా కాదు, మామూలుగా కూర్చోబెట్టండి. లోపల పాత దుప్పటి తప్ప ఇంకేమీ పెట్టకండి. గులకరాళ్ల సంచి "ఎలాగూ ఖాళీయే కదా" అని అందులో పడేస్తే స్పీడ్ బ్రేకర్ దగ్గర మీ బేరం ముగుస్తుంది.

4. ఫినాయిల్ సీసా పక్కన పెట్టండి

బోరు నీళ్లు నిలిచిన తొట్టికి తెల్లటి చారలు పడతాయి. అది సున్నం. సబ్బుకు లొంగదు, పులుపుకు లొంగుతుంది. ఇత్తడి బిందె తోమడానికి చింతపండు వాడే ఇంట్లో ఈ విషయం ఒకరు చెప్పనక్కర్లేదు. తెల్ల వెనిగర్‌లో తడిపిన గుడ్డను చార మీద పావుగంట అంటించి ఉంచండి, తర్వాత రుద్దండి. మొండి చోట్ల పాత ఏటీఎం కార్డుతో గీకితే గాజుకు గీతలు పడవు.

ఫినాయిల్, నేల తుడిచే సువాసన ద్రావణాలు మాత్రం వద్దు. 40 గ్రాములు కూడా తూగని జీవి అదే గాలిని రోజంతా పీల్చాలి. చేపల రోగాల భయంతో బ్లీచ్ వాడాలనుకుంటే పదింతల నీళ్లు కలిపి, తర్వాత వాసన పోయేదాకా కడగండి. వెనిగర్‌తో కలిపి మాత్రం వాడకండి. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ విషవాయువు పుడుతుంది. చివరగా ఒకటి రెండు రోజులు వరండాలో ఎండనివ్వండి. ముక్కు లోపల పెట్టి వాసన చూడండి. మీకు ఏ వాసనా రాకపోతే సరే.

5. మూత: గాజు కాదు, ప్లైవుడ్ కాదు, జాలీ

గాజు ఎక్కలేదు కదా, మూత ఎందుకు? ఈ ప్రశ్న వేసిన ఇంట్లోనే హామ్‌స్టర్ నీళ్ల సీసా మీదుగానో చక్రం మీదుగానో ఎక్కి అల్మారా వెనక దూరుతుంది. అది దూకకపోయినా, క్వార్టర్ల చుట్టూ తిరిగే పిల్లి ఊరుకుంటుందా?

చేపల తొట్టితో వచ్చే మూతలో లైటు కోసం చిన్న కంతలే ఉంటాయి. గాజుకు నాలుగు పక్కలా గాలి ఆడదు కాబట్టి పైభాగం మొత్తం తెరిచి ఉండాలి. తొట్టి కొలత తీసుకుని వడ్రంగి దగ్గరికి వెళ్లండి. చెక్క ఫ్రేముకు పావు అంగుళం కళ్లున్న గాల్వనైజ్డ్ ఇనుప జాలీ బిగించమనండి. అర అంగుళం కంతలోంచి మరుగుజ్జు పిల్ల తల దూరుతుంది. తల దూరితే ఒళ్లు కూడా దూరినట్టే. దోమల కోసం కిటికీలకు కొట్టే నైలాన్ వల ఒక్క రాత్రి కూడా ఆగదు. జాలీ చివర్లు చెక్క కిందికి మడతపెట్టించడం మరిచిపోకండి.

6. ఎక్కడ పెట్టాలి?

పిల్లల గదా, వరండానా, టీవీ పక్కనా? మూడూ కాదనే చెప్పాలి. హామ్‌స్టర్ చెవులు మనకు వినిపించని సన్నటి ధ్వనులను కూడా పడతాయి. అది పగలు పడుకుంటుంది, రాత్రి చక్రం తిప్పుతుంది. పరీక్షలకు చదివే పిల్లల పక్కన అది సరిపోదు. వరండాలో ఎండ తగులుతుంది. గాజు మీద నేరుగా ఎండ పడితే తొట్టి పొయ్యి అవుతుంది. వంటింటి పోపు ఘాటూ పడదు.

లైను పక్క క్వార్టరైతే ఇంకో సంగతి. కోర్బా వైపు నుంచి బొగ్గు గూడ్సు వచ్చినప్పుడల్లా అల్మారాలో స్టీలు గ్లాసులు గణగణలాడతాయి. మీకు అలవాటైపోయి వినపడదు. కొత్తగా వచ్చిన జీవికి అది భూకంపం. స్టాండుకూ తొట్టికీ మధ్య థర్మకోల్ గానీ యోగా మ్యాట్ గానీ వేయండి. తొట్టిని రైలు పట్టాల వైపు గోడకు కాక లోపలి గోడకు చేర్చండి.

చీమలకు మన పాత ఉపాయమే పనికొస్తుంది. సున్నుండల డబ్బాను నీళ్ల పళ్లెంలో పెట్టినట్టు స్టాండు కాళ్లను నీళ్లున్న గిన్నెల్లో నిలబెట్టండి. చీమల సుద్దముక్క, స్ప్రే, దోమల కాయిల్ ఆ గదిలో వాడకండి. చీమను చంపే మందు హామ్‌స్టర్‌కు మంచి చేయదు.

7. నేల కాదు, లోతు

బెర్న్‌లోనే జరిగిన ఇంకో పరిశీలనలో బంగారు హామ్‌స్టర్లకు 10, 40, 80 సెంటీమీటర్ల లోతు బెడ్డింగ్, అంటే తవ్వుకోవడానికి అడుగున పరిచే పొట్టు, వేసి చూశారు. 10 సెంటీమీటర్లవి తీగలు ఎక్కువగా కొరికాయి. 80 సెంటీమీటర్లలో ఉన్న వాటిలో ఒక్కటీ కొరకలేదు. తవ్వుకుని లోపల గూడు కట్టుకోగలిగితే హామ్‌స్టర్ నిమ్మళంగా ఉంటుంది. మీ తొట్టి ఎత్తే 45 సెంటీమీటర్లు కాబట్టి 80 కుదరదు. కుదిరే ఉపాయం వాలు. ఒక పక్క 25 సెంటీమీటర్లు, రెండో పక్క 15. సగటున 20 అనుకుంటే నూటపది లీటర్ల దాకా బెడ్డింగ్ కావాలి. తొట్టి కంటే దీనికే ఎక్కువ ఖర్చు కావచ్చు. ముందే లెక్క వేసుకోండి.

ఏది వేయాలి? చిన్న జంతువుల కోసం అమ్మే కాగితపు బెడ్డింగ్, ఆస్పెన్ చెక్క పొట్టు మంచివి. అచ్చు లేని తెల్ల కాగితాన్ని సన్నగా చించినా సరే. మధ్యమధ్యలో మెత్తటి ఎండుగడ్డి పొర, చింపిన అట్టముక్కలు వేసి అరచేత్తో అదిమితే సొరంగం కూలదు.

ఏది వేయకూడదు? ఇక్కడే ఊళ్లో చవగ్గా దొరికేవన్నీ ఊరిస్తాయి.

సా మిల్లు రంపపు పొట్టు: సాల్, టేకు, ఇంకా ఏ చెక్కో తెలియని ధూళి. ముక్కుకూ ఊపిరితిత్తులకూ పడదు.

ఊక: ఛత్తీస్‌గఢ్‌ను ధాన్యపు గిన్నె అంటారు, ఊకకు కొదవేముంది? కానీ ఊకలో సిలికా ఎక్కువ. గరుకు, దుమ్ము.

దూది, మెత్తటి పీచు: కాళ్లకు చుట్టుకుంటుంది. మింగితే కడుపులో ఇరుక్కుంటుంది. గూటికి తెల్ల టిష్యూ కాగితం చింపి ఇవ్వండి, అదే పేర్చుకుంటుంది.

ఆఫీసు ష్రెడ్డర్ కాగితం: అందులో స్టేప్లర్ పిన్నులుంటాయి.

8. సామాను: కొన్నది కొంత, వంటింటిది కొంత

కొని తీరాల్సింది చక్రం. మరుగుజ్జుకు కనీసం 17 నుంచి 20 సెంటీమీటర్ల వ్యాసం ఉండాలి. లోపలి తలం మూసుకుపోయి ఉండాలి. కడ్డీల చక్రంలో కాలు ఇరుక్కుని విరుగుతుంది. పరిగెత్తేటప్పుడు వీపు విల్లులా వంగుతోందా? చక్రం చిన్నదని అర్థం.

మిగతావి ఇంట్లోనే ఉన్నాయి. కొబ్బరి చిప్పకు రూపాయి బిళ్ల కంటే పెద్ద ద్వారం చేసి, గరుకు అంచు రాయి మీద అరగదీస్తే చక్కటి గూడు. స్టేషన్‌లో టీ తాగి పారేసే మట్టి కుల్హడ్‌ను కడిగి పక్కకు పడుకోబెడితే మరో గది. టిష్యూ రోలు గొట్టాలు సొరంగాలు. సిరామిక్ పచ్చడి గిన్నె ఆహారానికి.

దీనికి ఇసుక స్నానం కూడా కావాలి. నీళ్ల స్నానం ఎప్పుడూ చేయించకండి. ఇంటి పనికి తెచ్చిన సన్న ఇసుకను జల్లించి, నీళ్లు తేటగా వచ్చేదాకా కడిగి, మరమరాలు వేయించే ఇసుకలా ఇనుప కళాయిలో బాగా కాల్చి చల్లార్చండి. పౌడరులా లేచే దుమ్ము మిగలకూడదు. వెడల్పాటి గిన్నెలో రెండు మూడు సెంటీమీటర్ల మందం పోయండి. చాలా హామ్‌స్టర్లు దాన్నే మరుగుదొడ్డిగా కూడా వాడతాయి. శుభ్రం చేసే పని మీకు సగం తగ్గుతుంది.

ఒక హెచ్చరిక. చక్రం, కుల్హడ్, ఇసుక గిన్నె వంటి బరువులను బెడ్డింగ్ మీద ఊరికే పెట్టకండి. అది రాత్రి కింద తవ్వుతుంది, పైనున్న బరువు దాని మీద కూలుతుంది. చిన్న చెక్క బల్లకు నాలుగు కాళ్లు పెట్టి, ఆ కాళ్లు గాజు అడుగును తాకేలా దించి, బరువులన్నీ ఆ బల్ల మీద పెట్టండి.

9. రోహిణి కార్తె పరీక్ష

ఇంతవరకు చేసినదంతా పండగ సీజన్‌లో బాగానే ఉంటుంది. అసలు పరీక్ష మే 25 దగ్గర్లో మొదలవుతుంది. మనకు రోళ్లు పగిలే రోహిణి కార్తె, ఇక్కడివాళ్లకు అందులో మొదటి తొమ్మిది రోజులు నౌతపా. బిలాస్‌పూర్‌లో ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటే రోజులు అవి. హామ్‌స్టర్‌కు హాయిగా ఉండేది 18 నుంచి 24 డిగ్రీలు. 30 దాటితే ప్రమాదం మొదలు. హామ్‌స్టర్ ఆయుష్షు రెండేళ్లు అటూ ఇటూ. అంటే మీ ఇంట్లో అది కనీసం ఒక రోహిణి కార్తెను దాటాల్సిందే.

ముందు ఒక డిజిటల్ థర్మామీటర్ కొని, తొట్టి పెట్టబోయే చోట మధ్యాహ్నం మూడింటికి వారం రోజులు చూడండి. పాతకాలపు మందపాటి గోడల క్వార్టర్లో నడిమి గది ఒకలా ఉంటుంది. బహుళ అంతస్తుల క్వార్టర్లో పైకప్పు కింది గది మరోలా ఉంటుంది. ఏసీ గది ఉంటే సమస్య సగం తీరింది. కూలర్ అయితే దాని గాలి నేరుగా తొట్టి మీద కొట్టకూడదు, కిటికీ తెరిచి ఉండాలి. లేకపోతే తేమ పెరిగి బెడ్డింగ్ బూజు పడుతుంది. కిటికీకి వట్టివేళ్ల తడక కట్టి తడిపే అలవాటున్న ఇల్లైతే ఇంకా మంచిది.

తొట్టిలో ఒక పాలరాయి ముక్క గానీ సిరామిక్ టైల్ గానీ ఎప్పుడూ ఉంచండి. రెండు ముక్కలుంటే ఒకటి ఫ్రిజ్‌లో, ఒకటి తొట్టిలో మార్చుకోవచ్చు. డీప్ ఫ్రీజర్లో మాత్రం పెట్టకండి. రెండు సీసాల నీళ్లు గడ్డకట్టించి సిద్ధంగా ఉంచండి. కరెంటు పోయినప్పుడు ఒకదానికి పాత సాక్సు తొడిగి, తొట్టి బయట గాజుకు ఆనించండి. చెమర్చే నీరు లోపలికి రాదు.

ఒక మధ్యాహ్నం అది చదునుగా సాగిలపడి, గబగబా ఊపిరి తీస్తూ, నోటి దగ్గర తడిగా కనిపించిందనుకోండి. వెంటనే చల్లటి గదిలోకి మార్చండి. మామూలు నీళ్లలో తడిపి పిండిన గుడ్డ మీద ఉంచండి. ఐసు నీళ్లలో ముంచకండి, ఆ అదాటుకే ప్రాణం పోవచ్చు. పశువైద్యుడికి ఫోన్ చేయండి.

జనవరిలో దీనికి తలకిందులు. రాత్రి చలి 10 డిగ్రీలకు దిగినప్పుడు కొన్ని బిగుసుకుపోయి చచ్చినట్టు పడి ఉంటాయి. ఊపిరి చాలా నెమ్మదిగా ఆడుతుంటుంది. తొందరపడి పాతిపెట్టకండి. గుప్పిట్లో పెట్టుకుని నెమ్మదిగా వెచ్చబరచండి, పశువైద్యుడికి చూపించండి.

మరి ఏసీ లేదు, కూలర్ లేదు, ఉండేది పైఅంతస్తు. అప్పుడు? అప్పుడు హామ్‌స్టర్ వద్దు. పాప ఏడ్చినా వద్దు. ఆ తొట్టిలో మళ్లీ చేపలే పెంచండి.

10. ఎవరిని తేవాలి, ఎంతమందిని?

ఒక్కటే. "జంట తీసుకోండి సార్, ఒంటరిగా బెంగ పెట్టుకుంటుంది" అని దుకాణదారు అంటాడు. ఆడా మగా కలిస్తే గర్భం 18 నుంచి 21 రోజులే. మూడు వారాల్లో మీ ఇంట్లో అరడజను పిల్లలు. రెండూ మగవైనా, రెండూ ఆడవైనా పెరిగాక రక్తం కారేలా కొట్లాడుకోవడం మామూలే. 2018 నాటి పెట్ షాప్ నిబంధనల ప్రకారం దుకాణానికి రాష్ట్ర జంతు సంక్షేమ మండలిలో నమోదు ఉండాలి. ఆ ధ్రువపత్రం చూపించమని అడగడం కొనేవాడి హక్కు.

తిండి సంగతి క్లుప్తంగా. గింజల మిశ్రమంలో కొర్రలు, సామలు, ఓట్స్ కలపొచ్చు. పొద్దుతిరుగుడు గింజలు రోజుకు ఒకటి రెండే. ఉడికిన గుడ్డులోని తెల్లసొన చిటికెడు వారానికి రెండుసార్లు. మరుగుజ్జుల్లో మధుమేహం వచ్చే జాతులున్నాయి కాబట్టి మామిడి, అరటి, బెల్లం వద్దు. ఛత్తీస్‌గఢ్‌లో విరివిగా దొరికే కోదో, అంటే మన అరికెలు, తడిసి బూజు పట్టినవి అసలే వద్దు. 2024 అక్టోబరులో పొరుగునున్న మధ్యప్రదేశ్‌లోని బాంధవ్‌గఢ్‌లో 10 ఏనుగుల మరణానికి బూజు పట్టిన అరికెల విషమే కారణమని తేలింది. ఏనుగునే పడగొట్టిన బూజు ముందు చిటికెడంత జీవి ఎంత?

తెచ్చిన మొదటి వారం

తొట్టి సిద్ధమై, రెండు రోజులు ఖాళీగా ఉండి, ఉష్ణోగ్రత సరిగ్గా నిలిచాకే హామ్‌స్టర్‌ను తీసుకురండి. చాలామంది ఈ వరుసను తిప్పేస్తారు. సాయంత్రం జీవిని అట్టపెట్టెలో తెచ్చి, రాత్రి పదింటికి తొట్టి కడగడం మొదలుపెడతారు.

మొదటి మూడు రోజులు నీళ్లు, గింజలు పెట్టి పక్కకు తప్పుకోండి. పాప స్నేహితులందరినీ పిలిచి ప్రదర్శన పెట్టకండి. కనిపించడం లేదని బెడ్డింగ్ తవ్వి చూడకండి. పెట్టిన గింజలు మాయమవుతున్నాయా, చక్రం పక్కన పెట్టిన కాగితం ముక్క కదిలిందా, అది చూస్తే చాలు. నాలుగో రోజు నుంచి చెయ్యి తొట్టిలో ఊరికే పెట్టి ఉంచండి. వాసన చూసి అదే వస్తుంది. ఇక్కడ చిన్న విషయం. తీగల బోనుకు పక్క తలుపు ఉంటుంది, మీ తొట్టికి పైనుంచే దారి. పైనుంచి హఠాత్తుగా దిగే చెయ్యి దానికి గద్ద కాళ్లలా కనిపిస్తుంది. ముందు గాజు పక్కన కూర్చుని మెల్లగా పలకరించి, తర్వాత చెయ్యి నెమ్మదిగా దించండి.

శుభ్రం విషయంలో అతి వద్దు. ఆదివారం వచ్చిందని తొట్టి మొత్తం దులిపేస్తే అది దాచుకున్న గింజలు, కట్టుకున్న గూడు, తన వాసన అన్నీ ఒక్కసారే పోతాయి. తడిసిన మూల రోజూ తీయండి. ఇసుక రెండు రోజులకోసారి జల్లించండి. బెడ్డింగ్ మార్చాల్సి వచ్చినప్పుడు మూడో వంతు పాతదే మిగిల్చి కొత్తదానితో కలపండి.

వేసవి సెలవులకు విశాఖ వెళ్లే కోర్బా ఎక్స్‌ప్రెస్‌లో బెర్తులు దొరికాయా? హామ్‌స్టర్‌ను వెంట తీసుకెళ్లే ఆలోచన మానుకోండి. పక్క క్వార్టర్‌లోని పిన్నిగారికి థర్మామీటర్, గడ్డకట్టిన సీసాలు, గింజల డబ్బా అప్పగించండి. ఫ్రిజ్ తలుపు మీద ఒక చీటీ అంటించండి: 30 దాటితే సీసా మార్చాలి, ఆ తర్వాతే మాకు ఫోన్ చేయాలి.

ఇక ఈ వారం బుధవారీ బజార్‌కు వెళ్లేటప్పుడు కూరల సంచిలో ఒక కొలత టేపు వేసుకోండి. దారిలో ఎవరి వరండాలోనైనా ఖాళీ తొట్టి కనిపిస్తే ఆగి కొలవండి. నాలుగడుగులు ఉంటేనే తలుపు తట్టండి.